కొల్లేట్లో గాలం వేసే ముందు

కొల్లేట్లో కొర్రమీను ఎక్కడుందో కనిపెట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. కిక్కిస పొదల అంచున, గుర్రపుడెక్క ఆకుల మధ్య చారెడు ఖాళీ నీళ్లున్న చోట చూపు నిలిపితే చాలు. ఉన్నట్టుండి నీళ్లు చిన్నగా కదులుతాయి, ఒక బుడగ పైకొచ్చి పగులుతుంది. మొప్పలున్నా కొర్రమీనుకు నీళ్లలోని ప్రాణవాయువు చాలదు. మధ్యమధ్య పైకొచ్చి గాలి గుటకేసి పోవాలి. ఆ గుటకే దాని ఆచూకీ.

ఆ బుడగను చూసి గాలం విసరడం వేటలో సగం విద్య. అదే చోట ఎర్రెర్రటి చేపపిల్లల గుంపు ఉడుకుతున్న నీళ్లలా కదులుతుంటే గాలాన్ని వెనక్కి తీసుకోవడం మిగతా సగం. ఈ రెండో సగం తెలిసినవాళ్లు కొల్లేటి లంక గ్రామాల్లో ఉన్నారు. తెలియనివాళ్లు ఆదివారం పూట కార్లలో వస్తున్నారు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటితోపాటు డెల్టా పొలాల మురుగు కాల్వలు ఎన్నో ఇందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, అంటే ఐదో కాంటూరు వరకు లెక్కేస్తే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు వరకైతే 901. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి చేరింది ఇక్కడికే. ఇంత విశాలమైన సరస్సు అయినా చాలా చోట్ల నీళ్లు మనిషి నడుము దాటవు. లోతు లేకపోవడమే దీని సంపద. ఎండ అడుగుదాకా దిగుతుంది, నాచు పెరుగుతుంది, పురుగు పుడుతుంది, దాన్ని తిని చేప పెరుగుతుంది, చేప కోసం గూడబాతు వస్తుంది. కైకలూరు పక్కన ఆటపాకలో చెట్ల మీదా, ఇనుప మంచెల మీదా గూడబాతులు బారులు తీరి కూర్చోవడం చూడటానికి శీతాకాలంలో జనం బడిపిల్లల్ని వెంటేసుకుని వెళతారు. వాటి కడుపు నింపుతున్నది ఈ లోతులేని నీళ్లే.

కొల్లేటి వేటకు పెద్దలు వడ్డీలు. కొల్లేటికోట పెద్దింట్లమ్మను ఇలవేల్పుగా కొలిచే ఈ మత్స్యకారులకు తాటి దోనె కాళ్లతో సమానం. తాటి మొద్దును తొలిచి చేసిన ఆ దోనె జానెడు నీళ్లలోనూ జారిపోతుంది, కిక్కిస సందుల్లో దూరిపోతుంది. వాళ్ల పనిముట్లలో ముందు చెప్పుకోవాల్సింది మావు. వెదురు దబ్బలతో అల్లిన బోను ఇది. లోపలికి వెళ్లే దారి చేపకు సులువు, బయటికొచ్చే దారి దొరకదు. సాయంత్రం నీటి వాలు చూసి, చేపలు తిరిగే దారిలో మావులు పెట్టి, తెల్లారుజామున ఎత్తుతారు.

మావును నేను ఊరికే మెచ్చుకోవడం లేదు. అందులో పడిన చేప ప్రాణంతో ఉంటుంది. వేలెడంత పిల్ల ఉంటే దబ్బల సందుల్లోంచి జారిపోతుంది, జారకపోతే వేటగాడు చేత్తో తీసి నీళ్లలోకి వదలగలడు. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అనే నిర్ణయం మనిషి చేతిలో ఉంటుంది. సన్నకన్ను నైలాన్ వల ఆ నిర్ణయాన్ని లాగేసుకుంటుంది. మొప్పల దగ్గర దారం కోసుకుపోయిన చేపను వదిలినా బతకదు. ఇక కొర్రమీను సంగతి మరీ ఘోరం. రాత్రంతా నీళ్లలో మునిగి ఉన్న వలకు చిక్కుకుంటే అది పైకి రాలేదు, గాలి పీల్చలేదు. చేప నీళ్లలో ఊపిరాడక చచ్చిపోతుందంటే వినడానికి వింతగా ఉంటుంది కానీ కొర్రమీను విషయంలో అది నిజం. వల వేసినవాడు గంట గంటకూ వచ్చి చూసుకోకపోతే తెల్లారేసరికి దొరికేది శవాలే. తెగిపోయి వదిలేసిన వలైతే ఎవరి కోసమూ కాకుండా నెలల తరబడి చంపుతూనే ఉంటుంది. చేపలూ, తాబేళ్లూ, నీటికాకులూ అన్నీ దానికి ఒకటే.

విజయవాడ, ఏలూరు, భీమవరం నుంచి రాడ్డు, రీలు పట్టుకుని వచ్చే కుర్రవాళ్లు ఈమధ్య పెరిగారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. గంటల తరబడి నీటివైపు చూస్తూ కూర్చోగల ఓపిక ఈ రోజుల్లో ఎవరికుందని! అయితే ముందుగా తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. 1999 అక్టోబరులో జీవో 120 ద్వారా ఐదో కాంటూరు లోపలి కొల్లేరంతా వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సార్‌లోకి ఎక్కింది. ఆ హద్దుల లోపల వేట అక్కడి మత్స్యకారులు సంప్రదాయ పద్ధతుల్లో బతుకు కోసం చేసుకునేదే. సరదాగా గాలం వేయాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. హద్దు బయట కాల్వలున్నాయి, ఊరి చెరువులున్నాయి. అక్కడ పంచాయతీనో, మత్స్యకార సొసైటీనో అడిగి కూర్చోవడం మర్యాద. ఆ నీళ్లలో చేపపిల్లల్ని కొని వదిలినవాళ్లు వాళ్లే మరి.

అలా కూర్చున్నవాడికి కొల్లేటి ప్రాంతపు నీళ్లు నేర్పే పాఠాలు కొల్లేటి చాంతాడంత ఉన్నాయి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో మేస్తుంది. శీలావతి మధ్యనీళ్లది. ఎర్రమోసు అడుగున బురదను వెతుక్కుంటుంది. ఒకే ఎర, ఒకే గాలం, బెండును జానెడు కిందికో పైకో జరిపితే మూడు రకాల చేపలకు మూడు అంతస్తులు. తవుడూ వేరుశెనగ చెక్కా కలిపి ఉండ చేసి వేస్తే ఈ మూడూ వస్తాయి. జెల్లలకూ, మార్పులకూ ఎర్రలు గుచ్చాలి. వాలుగ రాత్రి తిరిగే దొర, దాని నోట్లో పళ్లు చూసినవాడు వేలు దగ్గరికి తీసుకెళ్లడు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే విషమెక్కి చెయ్యంతా మంటలు లేస్తాయి, అందుకే తెలిసినవాళ్లు దాన్ని గాలం నుంచి విడిపించేటప్పుడు గుడ్డ చుట్టి పట్టుకుంటారు.

కొర్రమీనుకు మాత్రం ఓపిక కావాలి. అది వెంటాడే చేప కాదు, పొంచి ఉండే చేప. పూర్వం బతికున్న కప్పను గాలానికి గుచ్చి ఆకుల మీద ఆడించేవారు. కప్ప కాళ్లు తన్నుకుంటుంటే కొర్రమీను లేస్తుంది. ఆ పని ఇక మానెయ్యాలి. పంటకు పట్టే పురుగును తినే జీవిని అంత హింస పెట్టాల్సిన అవసరం ఇప్పుడు లేదు, రబ్బరు కప్పలు వచ్చాయి. గాలం ములుకులు వాటి వీపుకు అణిగి ఉంటాయి కాబట్టి గుర్రపుడెక్కకు తగులుకోవు. ఆకుల అవతలికి విసిరి, నెమ్మదిగా లాగుతూ, ఖాళీ నీళ్లు కనిపించిన చోట ఆపాలి. నీళ్లు పగిలిన చప్పుడు వినగానే గుంజితే చేప దొరకదు. అది ఎరను నోట కరిచి తల తిప్పుకునే వరకు ఒక్క క్షణం ఆగాలి. వదిలేద్దామనుకున్నా, ఇంటికి తీసుకెళదామనుకున్నా మూడు ములుకుల గాలం కంటే ఒక్క ములుకుది మేలు. ఆ ములుకుకు వెనుక ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కేస్తే ఇంకా మేలు, చేప దవడ చీలకుండా గాలం బయటికొస్తుంది. వదిలే చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి. చేప ఒంటి మీది జిగురే దాని చర్మానికి కాపలా. పొడి చెయ్యో, వేడెక్కిన సిమెంటు గట్టో ఆ జిగురును ఊడబెరికితే, చేప ఈదుకుంటూ పోయినా వారం తిరక్కుండా బూజు పట్టి చస్తుంది.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఇంట్లో కూరకని రెండు చేపలు పట్టుకెళ్లేవాణ్ని నేను తప్పు పట్టను. ఫొటోల కోసం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టినదాన్నల్లా ఎండలో ఎత్తి చూపించి, తర్వాత 'వదిలేశాం కదా' అనేవాడి పుణ్యం మీద నాకు నమ్మకం లేదు. మే నెల మధ్యాహ్నం గోరువెచ్చని నీళ్లలో ప్రాణవాయువు అసలే తక్కువ. అలాంటప్పుడు పెనుగులాడి అలిసిపోయిన శీలావతి తేరుకోవడం కష్టం. వదిలే ఉద్దేశంతో వేటాడేవాళ్లు ఎండాకాలం నెలల్లో గాలం ఇంట్లో పెట్టడమే నిజమైన దయ. మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతుంటాయి. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువును తాగేయడం వల్ల ఊపిరాడని స్థితి అది. వలకు సులువుగా దొరుకుతున్నాయని ఎగబడటం వేట అనిపించుకోదు.

తొలకరి సంగతి దీనికంటే పెద్దది. మృగశిర కార్తె వస్తే తెలంగాణలో ఇంటింటా చేపల కూర ఉండాల్సిందే. కొర్రమీను ఆ రాష్ట్రపు చేప. హైదరాబాద్‌లో పంచే చేప ప్రసాదంలో నోట్లో వేసే చిన్న చేప కూడా కొర్రమీను పిల్లే. సరిగ్గా ఆ తొలి వానల్లోనే నీళ్లలో కొత్త సంసారాలు మొదలవుతాయి. ఎర్రనీళ్లు దిగగానే గుడ్లతో బరువెక్కిన చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. కొత్తగా మునిగిన గడ్డిలోకీ, వరిచేలలోకీ వస్తాయి. కాల్వ మలుపులో, తూము దగ్గర, కలుజు కింద వాటిని చేత్తో పట్టుకోవచ్చు. ఊళ్లలో ఆ రోజు తిరనాళ్లలా ఉంటుంది. ఒక్క పెద్ద ఆడ శీలావతి పొట్టలో లక్షల గుడ్లుంటాయి. మనకు దొరికేది ఒక పూట కూర, నీళ్లు పోగొట్టుకునేది ఆ లక్షలూ.

కొర్రమీను గుడ్లు పెట్టి వదిలేసే రకం కాదు. నాచును పక్కకు నెట్టి గూడు చేస్తుంది, తేలే గుడ్లకు కాపలా కాస్తుంది. పిల్లలు పుట్టాక వాటిని ఒక్క ముద్దగా కూడగట్టుకుని వారాల తరబడి వాటి కిందనే తిరుగుతుంది. పిల్లల గుంపు దగ్గరికి ఏది వచ్చినా తిండి కోసం కాకపోయినా మీదికి దూకుతుంది. అందుకే ఆ రోజుల్లో దాన్ని గాలంతో పట్టడం అతి సులువు. రబ్బరు కప్పను పిల్లల మధ్య పడేస్తే చాలు, తల్లో తండ్రో నోరు తెరుచుకుని వస్తుంది. అలా పట్టిన వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి, కింద చప్పట్ల గుర్తులు పడుతుంటాయి. కాపలా పోయిన పిల్లల గుంపు జెల్లలకూ, కొంగలకూ పూట గడవకముందే ఆహారమైపోతుంది. బిడ్డల కోసం ఎదురొచ్చిన ప్రాణిని పట్టడంలో నేర్పు ఏమీ లేదు.

ఉప్పుటేరు మీద కూడా ఒక కన్ను ఉండాలి. నీలకంఠ రొయ్య మంచినీళ్లలో పెరిగినా దాని పిల్లలు బతకడానికి కాస్త ఉప్పదనం కావాలి. అందుకే తల్లిరొయ్యలు ఏటి వెంట సముద్రం వైపు దిగాలి, పిల్లలు మళ్లీ ఎదురెక్కి కొల్లేటికి చేరాలి. ఏటికి అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దోమతెర వల కడితే ఆ రాకపోకలు అక్కడితో సరి. సగం ఏరు వదిలి కట్టుకుంటే వలవాడూ బతుకుతాడు, రొయ్యా బతుకుతుంది.

కరెంటు తీగ పెట్టేవాళ్లు, మందు కలిపేవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఎక్కువ మాటలు అక్కర్లేదు. నీళ్లలో పేలుడు పదార్థాలు వేసి, విషం కలిపి చేపల్ని చంపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మీదా నిషేధం ఉంది. గట్టు తెగితే అది కొల్లేట్లో పడి దొరికిన పిల్లనల్లా మింగుతుంది. గాలానికి అది తగిలితే మాత్రం తిరిగి నీళ్లలో వదలకండి.

కొల్లేటికి అసలు దెబ్బ గాలం వల్ల తగల్లేదు, వల వల్లా కాదు, గట్ల వల్ల తగిలింది. 1970ల్లో మత్స్యకారులకు ఉపాధి పేరుతో మొదలైన చేపల చెరువులు తర్వాత డబ్బున్నవాళ్ల చేతుల్లోకి వెళ్లి సరస్సు కడుపంతా ఆక్రమించాయి. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు కొట్టేశారు. కొట్టిన చోట్ల కొన్ని మళ్లీ లేచాయి. ఈ రాజకీయం మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు అందులో ఎక్కువ బాధ కలిగించేది ఒకటి: చెరువులో పెరిగిన చేపను పట్టడానికి దాని బతుకు తెలియనక్కర్లేదు. బస్తా మేత వేసి, నెలలు లెక్కపెట్టి, వల లాగితే సరిపోతుంది. మావు ఎక్కడ పెట్టాలో, ఏ వానకు ఏ చేప ఎటు కదులుతుందో తెలిసిన మనుషులు ఆ గట్ల మీద కాపలా కూలీలైపోయారు. ఆ తెలివితేటలు పోతే అభయారణ్యం బోర్డు ఒక్కటే కొల్లేటిని కాపాడలేదు.

సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తోంది, 2025లో దాన్ని 20 వేల రూపాయలు చేసింది. సముద్రానికి దొరికిన ఈ విరామం కొల్లేటికీ కావాలి. తొలకరి నుంచి రెండు నెలలు కొల్లేట్లో, దాని కాల్వల్లో వల దించకుండా ఉంటే, ఆ రెండు నెలలు లంక గ్రామాల వడ్డీల ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూసే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. పాఠకులు చేయగలిగింది ఇంకా చిన్నది: ఈ వానాకాలం బజార్లో గుడ్లతో పొట్ట ఉబ్బిన కాల్వ చేప కనబడితే కొనకుండా ముందుకు నడవండి, గాలం వేసే పిల్లలు ఇంట్లో ఉంటే ఎర్రపిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయొద్దని చెప్పి పంపండి.