కంప్యూటరు లెక్కలకూ తోడు ఉంచుకోవాలి

(ఒక సహకార ఇన్‌స్పెక్టరు)



పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా ఇల్లాలు గిన్నెలో పెరుగంతా ఒక్కపూటే వడ్డించేయదు. రాత్రి పాలు తోడు వేయడానికి ఒక గరిటెడు అట్టే పెడుతుంది. ఆ గరిటెడు కూడా ఏ పిల్లో ముట్టుకొంటే, చిన్న గిన్నె పట్టుకొని పొరుగింటికి వెళుతుంది. మన తోడు పొరుగింట, పొరుగింటి తోడు మన ఇంట ఉండబట్టే ఊళ్ళో పెరుగుకు ఏనాడూ లోటు రాలేదు. ఈ తెలివి మనకు ఎవరూ శిక్షణ తరగతులు పెట్టి నేర్పినది కాదు.

సంఘం కంప్యూటరులోని లెక్కలకు కూడా ఇటువంటి తోడు ఒకటి వేరేచోట ఉండాలి. దీనినే బ్యాకప్ అంటారు. తెలుగులో చెప్పాలంటే, మరొకచోట భద్రపరచిన నకలు. దాని అవసరాన్ని, పద్ధతిని నా ఉద్యోగంలో ఎదురైన ఒక అనుభవం ఆధారంగా వివరిస్తాను. అందులో జరిగిన పొరపాటులో నా వాటా కూడా ఉన్నది.

ఉన్నదనుకొన్న నకలు

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఎన్నో గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు.

నేను తనిఖీ చేసే సంఘాలలో ఒకదాని కంప్యూటరు కార్యదర్శి ఇంటి ముందు గదిలో ఉండేది. అదేమీ ప్రత్యేకమైన యంత్రం కాదు. పిల్లలు చదువుకోవడానికి కొన్న మామూలు ఇంటి కంప్యూటరే. దానికే పాల తూకం యంత్రాన్ని, వెన్న పరీక్ష యంత్రాన్ని కలిపారు. ఆ రాత్రి పైకప్పు రేకులు లేచిపోయి, తెల్లవార్లూ కంప్యూటరు మీద వాన కురిసింది.

రెండు వారాల తరువాత దానిని పట్నంలో బాగుచేసే దుకాణానికి పట్టుకువెళ్ళారు. హార్డ్ డిస్కు తిరగడం లేదని, అందులోనిది తీయలేమని వాళ్ళు చెప్పారు. కార్యదర్శి కంగారుపడలేదు. ‘‘బ్యాకప్ ఉందండీ, ప్రతి శనివారం చేస్తున్నాను’’ అన్నాడు. నిజంగానే చేస్తున్నాడు. ఒకటి అదే కంప్యూటరులోని ‘డి’ అనే భాగంలో, రెండవది చొక్కా జేబులో ఉండే పెన్ డ్రైవులో.

‘డి’ భాగం ఉన్నది కూడా ఆ పాడైన డిస్కులోనే. ఒకే గాదెను తడికతో రెండు అరలు చేసినంత మాత్రాన రెండు గాదెలు కావు. గాదె కాలితే రెండు అరలూ కాలతాయి. ఇక పెన్ డ్రైవు తడవలేదు, చెడలేదు. దానిని మా కార్యాలయంలో తెరిచి చూశాము. అందులో పాల లెక్కల ప్రోగ్రాము గుర్తు మాత్రమే ఉన్నది, లెక్కలు లేవు. కంప్యూటరు తెర మీద కనిపించే ఆ చిన్న బొమ్మను షార్ట్‌కట్ అంటారు. అది ప్రోగ్రాముకు దారి చూపే చేతి గుర్తు వంటిది. పాపం, కార్యదర్శి రెండేళ్ళపాటు ప్రతి శనివారం తప్పకుండా ఆ గుర్తునే నకలు తీసుకొంటూ వచ్చాడు.

అదే ఏడాది జూలైలో నేను ఆ సంఘాన్ని తనిఖీ చేశాను. ‘‘బ్యాకప్ ఉన్నదా?’’ అని అడిగాను. ‘‘ఉందండీ’’ అన్నాడు. తనిఖీ నివేదికలో ‘ఉన్నది’ అని వ్రాసి సంతకం చేశాను. పెన్ డ్రైవును తెరిచి చూపించమని అడగలేదు. అడిగి ఉంటే అయిదు నిమిషాల పని.

ఎవరి వంతు ఎంత?

ఆ సంఘం 2017-18 బోనస్‌ను దీపావళికి ముందు పంచాలని మహాజన సభ అప్పటికే తీర్మానించింది. డబ్బు బ్యాంకులో ఉన్నది. ఏ పూట సంఘం నుండి ఎన్ని లీటర్లు వచ్చాయో డెయిరీ దగ్గర లెక్క ఉన్నది. ఆడిట్ నివేదికలో ఏడాది మొత్తం ఉన్నది. కాని ఆ మొత్తంలో ఏ సభ్యుడి పాలు ఎన్ని అన్న లెక్క సంఘంలో తప్ప మరెక్కడా ఉండదు. సంఘంలో అది కంప్యూటరులో తప్ప మరెక్కడా లేదు. పంచవలసిన డబ్బు చేతిలో ఉండి కూడా పంచలేని స్థితి వచ్చింది.

సభ్యులను వారివద్ద ఉన్న కాగితాలు తెమ్మన్నాము. చాలామంది యంత్రం ఇచ్చే చీటీలు తెచ్చారు. అవి వేడికి అచ్చుపడే కాగితాలు. కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోయి తెల్లబడ్డాయి. పాల డబ్బు బ్యాంకు ఖాతాలో పడినవారికి పాసుపుస్తకం ఆదుకొన్నది. నగదు తీసుకొన్నవారికి ఆ ఆధారం కూడా లేదు.

వారిలో రెండు గేదెలతో బ్రతుకుతున్న ఒక వృద్ధురాలు ఉన్నది. ఆమె పాత పద్ధతిలో పాల పుస్తకం మానలేదు. ప్రతి చెల్లింపు నాడు మనవరాలి చేత లీటర్లు, రూపాయలు వ్రాయించి, కార్యదర్శి చేత పొడి సంతకం పెట్టించి, ట్రంకు పెట్టెలో దాచుకొన్నది. పుస్తకం నా ముందు పెట్టి, ‘‘ఏటి బాబూ, మీ పెట్టిలో లెక్క పోతే పోనీ. నా పెట్టిలో లెక్క పోనేదు’’ అన్నది. అక్కడున్నవారంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆమె బోనస్ పైసాతో సహా తేలింది. మిగిలినవారి లెక్క తేల్చడానికి నాలుగు నెలలు పట్టింది. ఏ ఆధారమూ లేనివారికి పాలకవర్గం సగటు కట్టి ఇచ్చింది. ఇద్దరు సభ్యులు తమకు తక్కువ వచ్చిందని ఇప్పటికీ అంటారు. వారి మాట తప్పని చూపడానికి నా దగ్గర కాగితం లేదు.

లెక్కలు పోయే దారులు

తుపాను ఒక దారి మాత్రమే. అయితే మన ప్రాంతంలో దానికి ఇంచుమించు తేదీ కూడా ఉన్నది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా దెబ్బతీసింది అక్టోబరు 12న. తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. సెప్టెంబరు ఆఖరుకు నకళ్ళు సరిచూసుకోవాలని మనకు ఇంతకంటె ఎవరు చెప్పాలి?

రెండవ దారి డిస్కు తనంతట తాను చెడిపోవడం. వయసు మీరినా, కరెంటు హెచ్చుతగ్గులు తగిలినా ఇది జరుగుతుంది. యు.పి.ఎస్. పెట్టె కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకొంటుంది గాని నకలు తీయదు. మూడవది దొంగతనం. నాలుగవది చేతి పొరపాటు: ఒక ఏడాది లెక్కను మరొకరు తెలియక చెరిపివేయడం.

అయిదవది వైరస్. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా పాకి, దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకొన్నది. అది ఫైళ్ళకు తాళం వేసి, తాళం తీయాలంటే సొమ్ము కట్టమని తెర మీద బెదిరిస్తుంది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. శ్రీకాకుళం జిల్లా కూడా అందులో ఉన్నది. దానికి విరుగుడును మైక్రోసాఫ్టు కంపెనీ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. కనుక కంప్యూటరు అప్‌డేట్ అడిగినప్పుడు వాయిదా వేయరాదు. ఇటువంటి వైరస్ పెన్ డ్రైవు తగిలించి ఉంటే అందులోని నకలును కూడా పట్టుకొంటుంది. నకలు తీసిన వెంటనే పెన్ డ్రైవును వేరుచేయాలని చెప్పేది ఇందుకే.

మూడు, రెండు, ఒకటి

కంప్యూటరు తెలిసినవారు పాటించే సూత్రం ఇది: లెక్కలు మూడుచోట్ల ఉండాలి, అవి రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళోనో, వేరే కప్పు కిందనో ఉండాలి. మన సంఘాలకు దీనిని ఈ విధంగా అన్వయించుకోవచ్చు.

1. అసలు లెక్క కంప్యూటరులో ఉంటుంది. పాల లెక్కల ప్రోగ్రాములలో సాధారణంగా బ్యాకప్ అనే మీట ఉంటుంది. తెర మీది బొమ్మను కాక, ఆ మీటనే వాడండి. నకలు ఫైలు ఎక్కడికి వెళుతుందో ప్రోగ్రాము అమర్చిన వారిచేత కాగితం మీద వ్రాయించుకొని గోడకు అంటించండి.

2. రెండు పెన్ డ్రైవులు కొని ‘1’, ‘2’ అని అంకెలు వేయండి. ఒక వారం ఒకటి, మరుసటి వారం రెండవది వాడండి. ఒకటి ఎప్పుడూ అధ్యక్షుల ఇంట ఉండాలి. పొరపాటున చెడిన లెక్కను ఒకదాని మీద ఎక్కించినా, రెండవదానిలో అంతకు ముందు వారం మంచి లెక్క మిగులుతుంది.

3. నెలాఖరున సభ్యులవారీ లీటర్లు, రూపాయలు మామూలు కాగితం మీద అచ్చుతీసి, కార్యదర్శి, అధ్యక్షులు సంతకం చేసి ఫైలు చేయండి. ఇది వైరస్ పట్టని నకలు. చీటీల కాగితం దీనికి పనికిరాదు.

4. ఇంటర్‌నెట్టు ఉన్నచోట సంఘం పేరున ఖాతా తెరచి, నకలును అక్కడ కూడా దాచవచ్చు. గూగుల్ డ్రైవ్ వంటివి కొంత చోటు ఉచితంగా ఇస్తాయి. అయితే ఒక జాగ్రత్త. ఇంట్లో ఫైలు చెరిపితే అక్కడ కూడా తానే చెరిగిపోయే అమరిక కొన్నిటిలో ఉంటుంది. కనుక ప్రతి నెలా తేదీ వేసి వేరే ఫైలుగా పంపండి.

చోటు చాలదన్న భయం అవసరం లేదు. వందమంది సభ్యులు రోజుకు రెండు పూటల చొప్పున 365 రోజులు పాలు పోస్తే 73,000 పద్దులు అవుతాయి. పద్దుకు 100 బైట్ల చోటు అనుకొన్నా ఏడాది లెక్క 73 లక్షల బైట్లు, అంటే సుమారు 7 మెగాబైట్లు. సెల్‌ఫోనుతో తీసిన రెండు మూడు ఫోటోలు పట్టే చోటులో సంఘం ఏడాది కష్టమంతా ఇముడుతుంది.

నకలులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉంటాయని మరువరాదు. పెన్ డ్రైవును సినిమాలకు, పాటలకు వాడరాదు. రహస్య సంకేతం వ్రాసి, కవరులో పెట్టి, సీలు వేసి అధ్యక్షుల వద్ద ఉంచాలి. కార్యదర్శి మారినప్పుడు తాళాలు, పుస్తకాలతో పాటు దీనిని కూడా అప్పగింత జాబితాలో చేర్చాలి.

తెరచి చూడని నకలు నకలు కాదు

ఇదే నేను ముఖ్యంగా చెప్పదలచినది. ప్రతి నెల మొదటి వారంలో పెన్ డ్రైవును వేరే కంప్యూటరులో పెట్టి తెరవండి. ముందుగా మూడు విషయాలు చూడండి. ఫైలు తేదీ ఈ వారానిదేనా? ఫైలు పరిమాణం పోయిన నెలకంటె పెరిగిందా? గుర్తు మూలన చిన్న వంకర బాణం ఉన్నదా? బాణం ఉంటే అది షార్ట్‌కట్, లెక్క కాదు. తరువాత, ప్రోగ్రాము అమర్చినవారి సహాయంతో లెక్కను బయటకు తీసి, ఎవరో ఒక సభ్యుడి పాల పుస్తకంతో పోల్చి చూడండి. అంకెలు కలిస్తే రిజిస్టరులో తేదీ వేసి ఇద్దరు సంతకం చేయండి.

ప్రతి ఏడాది మార్చి 31న ప్రపంచ బ్యాకప్ దినం పాటిస్తున్నారు. 2011లో ఇది మొదలయినది. మనకు అది లెక్కల ముగింపు రోజు కూడా. ఆ రోజు తీసిన నకలును చెరపకుండా విడిగా భద్రపరచండి.

కార్యదర్శి ఇంటి కంప్యూటరులో ఉన్న పిల్లల సర్టిఫికెట్లకు, పెళ్ళి ఫోటోలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. చెడిన డిస్కుకు సంఘం ఫైలు, సొంత ఫైలు అన్న తేడా తెలియదు.

సభ్యులకు ఒక మనవి. నకలు తీయడం కార్యదర్శి పని, తీశాడో లేదో అడగడం మీ హక్కు. వచ్చే మహాజన సభలో లేచి ‘‘మా లెక్క రెండవది ఎక్కడ ఉన్నది, చూపించండి’’ అని అడగండి. పాల పుస్తకం మానవద్దు. పాలకవర్గాలు తదుపరి సమావేశంలోనే నకలు ఎవరు తీయాలి, ఎక్కడ ఉంచాలి, ఎవరు తెరచి చూడాలి అన్నది తీర్మానించి మినిట్సు పుస్తకంలో వ్రాయవలసినదిగా కోరుతున్నాను.

ఆ తుపాను తరువాత నా తనిఖీ నివేదికలలో ‘బ్యాకప్ ఉన్నది’ అని వ్రాయడం మానివేశాను. ‘తెరచి చూశాను’ అని మాత్రమే వ్రాస్తున్నాను. చూడనినాడు ఆ గడి ఖాళీగానే ఉంటుంది.