పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి స్ట్రెస్ స్కోర్ వాచ్ పనికొస్తుందా?

"ఒరే, నేను ఊరికే కూర్చుని పేపర్ చదువుతుంటే ఇదేంట్రా, టెన్షన్ పడుతున్నానంటోంది?"

మా పెదనాన్న ఈ మాట అనేసరికి స్మార్ట్‌వాచ్ కొని వారమే అయింది. ఆయనకి పార్కిన్సన్స్. టెన్షన్ పెరిగితే కుడిచేతి వణుకు పెరుగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. వాచ్‌లో స్ట్రెస్ స్కోర్ చూసుకుంటే ముందే జాగ్రత్తపడొచ్చని నా లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్తా.

ముందు జబ్బు సంగతి. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు దెబ్బతిని తగ్గిపోవడం పార్కిన్సన్స్‌లో జరిగేది. ఒత్తిడి వల్లే ఇది వస్తుందని ఎవరూ తేల్చలేదు. కానీ ఉన్న వణుకుని ఒత్తిడి పెంచడం మాత్రం ఖాయం. న్యూరాలజిస్ట్ దగ్గర నేనే చూశా. చేతులు ఒళ్లో పెట్టుకుని 100 నుంచి ఏడేడు తీసేస్తూ చెప్పమన్నారు. 93, 86... అక్కడికే చెయ్యి ఊగిపోయింది. దాక్కున్న వణుకుని బయటికి తీయడానికి డాక్టర్లు వాడే పాత పద్ధతే ఇది. ఇలా లెక్కలు చేస్తున్నప్పుడు లెవోడోపా మందు కూడా వణుకుని అంతగా ఆపలేకపోతుందని 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది.

ఇక వాచ్. స్ట్రెస్ స్కోర్ అంటే అదేదో మన మనసు చదివేస్తుందనుకోవద్దు. వెనకున్న ఆకుపచ్చ లైటుతో నాడి పట్టి, ఒక గుండె చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య గ్యాప్ ఎంత మారుతోందో చూస్తుంది. మార్పు తక్కువుంటే ఒత్తిడి ఎక్కువని దాని లెక్క. పార్కిన్సన్స్‌లో గుండెకి వెళ్లే నరాలు కూడా దెబ్బతింటాయి కాబట్టి, మనిషి ప్రశాంతంగా ఉన్నా ఆ మార్పు తక్కువే ఉండొచ్చు. పైగా చెయ్యి సెకనుకి 4 నుంచి 6 సార్లు వణుకుతుంటే సెన్సర్‌కి నాడి అందడమే కష్టం. వణికే చేతికే వాచ్ పెట్టిన తెలివి నాది! ఎడమచేతికి మార్చాక కాస్త నయం, అంతే. ఎర్ర స్కోర్ చూసి ఆయనకి కంగారు, కంగారుకి వణుకు, మళ్లీ స్కోర్. బ్రేక్ లేని లూప్.

వణుకుని కొలవడానికే రాసిన సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. ఆపిల్ 2018లో మూవ్‌మెంట్ డిజార్డర్ ఏపీఐ ప్రకటించింది, అది మోషన్ సెన్సర్లతో పనిచేస్తుంది. దాన్ని వాడే స్ట్రైవ్‌పీడీకి 2022లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మామూలు స్ట్రెస్ స్కోర్‌కి, దానికి పోలికే లేదు.

అసలు పెదనాన్నకి టెన్షన్ ఎక్కడొస్తుందో తెలియాలంటే వాచ్ అక్కర్లేదు, కిరాణా కొట్టుకి తోడు వెళ్తే చాలు. వెనక నలుగురు నిలబడి ఉంటారు, ఈయన యూపీఐ పిన్ కొట్టాలి. ఒకే అంకె రెండుసార్లు పడుతుంది. ఓ రోజు మూడోసారి కూడా తప్పు పడి పిన్ బ్లాక్ అయింది. సరుకులు అక్కడే వదిలేసి వచ్చేశారు. తర్వాత రెండు నెలలు ఆ కొట్టు గడప తొక్కలేదు.

ఆయన సామ్‌సంగ్ ఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీలోకి వెళ్లి 'ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్' ఆన్ చేశా. ఐఫోన్‌లో అయితే 'టచ్ అకామొడేషన్స్'లో ఉంటుంది. దీనికన్నా ఎక్కువ పనికొచ్చింది యూపీఐ లైట్. చిన్న మొత్తాలకి పిన్ కొట్టే పనే లేదు. రెండింటికీ కలిపి ఖర్చు సున్నా, పట్టిన టైమ్ పది నిమిషాలు. వాచ్ కొనకముందే చేసుండాల్సింది.

కొనొచ్చా అంటే, స్ట్రెస్ స్కోర్ కోసమైతే వద్దు. ఈ జబ్బులో తూలి పడిపోవడం ఎక్కువ కాబట్టి ఫాల్ డిటెక్షన్ ఉన్న మోడల్ అయితే ఆలోచించండి. మా దాంట్లో అది లేదు. స్ట్రెస్ స్క్రీన్ తీసేసి మాత్రల టైమ్‌కి అలారాలు పెట్టిచ్చా. మొన్న ఆదివారం పెదనాన్న ఒక్కరే వెళ్లి పెరుగు ప్యాకెట్ తెచ్చారు.