మెదడు వ్యాధుల పరిశోధనలో పునఃసంయోజక త్వచప్రోటీన్లు: గామా సెక్రటేజ్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అల్జీమర్స్ వ్యాధితో ముడిపడిన ముఖ్యమైన ప్రోటీన్లలో కొన్ని కణత్వచాలలో ఇమిడి ఉంటాయి. వాటిని మెదడు నుండి శుద్ధంగా, తగినంతగా రాబట్టడం కష్టం. అందువల్ల వాటి మానవ జన్యువులను వేరే కణాలలో ప్రవేశపెట్టి ప్రయోగశాలలో తయారుచేస్తారు. గామా సెక్రటేజ్ అనే ఎంజైమ్ ఆధారంగా ఈ తయారీ విధానాన్ని, ప్రయోజనాన్ని, పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: త్వచప్రోటీన్లు, పునఃసంయోజక విధానం, గామా సెక్రటేజ్, అల్జీమర్స్ వ్యాధి.

1. ప్రవేశిక:
1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, జ్ఞాపకశక్తి కోల్పోయి మరణించిన ఒక స్త్రీ మెదడులోని అసాధారణ నిక్షేపాలను వైద్యుల సభలో వివరించాడు. నాడీకణాల వెలుపల పేరుకొనే ఈ ఫలకాలలో ప్రధాన పదార్థం అమైలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీన్ ముక్క అని 1980లలో తేలింది. త్వచంలో ఉండే అమైలాయిడ్ పూర్వగామి ప్రోటీన్‌ను మొదట బీటా సెక్రటేజ్, తరువాత గామా సెక్రటేజ్ ఖండించగా ఈ ముక్క ఏర్పడుతుంది. గామా సెక్రటేజ్ కోసే చోటును బట్టి దాని పొడవు మారుతుంది. 40 అమైనో ఆమ్లాల ముక్క కంటే 42 అమైనో ఆమ్లాల ముక్క సులభంగా పేరుకుంటుంది. కాబట్టి ఈ కోత ఎలా జరుగుతుందో తెలుసుకోవడం వ్యాధి అధ్యయనంలో కీలకం.

2. త్వచప్రోటీన్ల స్వభావం:
ఎర్రరక్తకణాలలోని హిమోగ్లోబిన్ నీటిలో కరుగుతుంది. త్వచప్రోటీన్లు అలా కరగవు. కణత్వచం రెండు వరుసల లిపిడ్ అణువులతో ఏర్పడుతుంది. దాని లోపలి భాగం జలవిరోధి. అందులో ఇమిడే ప్రోటీన్ భాగాలూ జలవిరోధులే. త్వచం నుండి వేరుచేసి నీటిలో ఉంచితే అవి ముద్దకట్టి ఆకృతిని కోల్పోతాయి. ఆకృతి చెడితే పనీ ఆగిపోతుంది.

గామా సెక్రటేజ్ విషయంలో ఈ చిక్కు మరింత జటిలం. ప్రెసెనిలిన్, నికాస్ట్రిన్, ఏపీహెచ్-1, పెన్-2 అనే నాలుగు ప్రోటీన్లు కలిస్తేనే అది ఎంజైమ్ అవుతుంది. ఈ నాలుగూ కలిసి త్వచాన్ని 20 సార్లు దాటుతాయి. కోత జరిపేది ప్రెసెనిలిన్. చిన్నవయస్సులోనే, వంశపారంపర్యంగా వచ్చే అల్జీమర్స్‌కు ప్రెసెనిలిన్-1 జన్యువులోని ఉత్పరివర్తనాలు కారణమని 1995లో గుర్తించారు.

3. తయారీ విధానం:
'పునఃసంయోజకం' అంటే తిరిగి కూర్చినది. ఇక్కడ తిరిగి కూర్చేది ప్రోటీన్‌ను కాదు, దాని డి.ఎన్.ఏ.ను. నాలుగు ప్రోటీన్ల జన్యువులను ప్లాస్మిడ్లలో చేర్చి కణాలలోకి పంపుతారు. బ్యాక్టీరియాను పెంచడం చౌకే అయినా, నికాస్ట్రిన్‌కు మానవకణంలో జతపడే చక్కెర అణువులను అది అమర్చలేదు. అందుకే 1973లో నెదర్లాండ్స్‌లో రూపొందిన హెచ్.ఇ.కె. 293 అనే మానవ కణపరంపరను వాడతారు.

తయారైన ప్రోటీన్ కణత్వచంలో చేరుతుంది. డిటర్జెంట్ సాయంతో దానిని బయటికి తీసి, జన్యువులో ముందే చేర్చిన 'గుర్తు' ద్వారా ఇతర ప్రోటీన్ల నుండి వేరుచేస్తారు. తరువాత ఆంఫిపోల్ అనే పాలిమర్‌తోగాని, నానోడిస్క్ అనే చిన్న లిపిడ్ బిళ్ళతోగాని దాని జలవిరోధి భాగాలను కప్పుతారు. అంటే కోల్పోయిన త్వచానికి ప్రత్యామ్నాయం కల్పిస్తారు. చివరగా ఆ ఎంజైమ్ పూర్వగామి ప్రోటీన్‌ను కోస్తున్నదో లేదో పరీక్షిస్తారు. శుద్ధంగా ఉండి కోయలేని ఎంజైమ్ ఈ పరీక్షలో నిలవదు.

4. ఫలితాలు - ప్రయోజనం:
బీజింగ్‌లోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో షి యిగాంగ్ బృందం ఇటువంటి నమూనాలను అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించింది. 2014లో 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల, 2015లో 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఎంజైమ్ నిర్మాణాన్ని ప్రకటించింది.

దీని ప్రాముఖ్యం ఒక ఔషధం వైఫల్యంతో పోల్చినప్పుడు తెలుస్తుంది. గామా సెక్రటేజ్‌ను అడ్డుకొనే సెమాగసెస్టాట్ చివరిదశ ప్రయోగాలను 2010లో నిలిపివేశారు. రోగుల స్థితి మెరుగుపడకపోగా క్షీణించింది. చర్మ క్యాన్సర్ ముప్పు కూడా పెరిగింది. ఈ ఎంజైమ్ నాచ్ అనే మరొక ప్రోటీన్‌నూ కోస్తుంది. కణాల ఎదుగుదలకు ఆ కోత అవసరం. 2019లో నాచ్‌తోనూ, పూర్వగామి ప్రోటీన్‌తోనూ కూడి ఉన్న ఎంజైమ్ నిర్మాణాలు వెలువడ్డాయి. ఆ రెండూ ప్రెసెనిలిన్‌లో కుదురుకొనే చోటునే సెమాగసెస్టాట్ కూడా ఆక్రమిస్తుందని 2021లో వెల్లడైంది. ఒక కోతను ఆపి, మరొక కోతను కొనసాగనివ్వడం ఎందుకంత కష్టమో దీనివల్ల బోధపడుతుంది.

5. పరిమితులు:
2019 నిర్మాణాల కోసం ఎంజైమ్ కోతశక్తిని ఉత్పరివర్తనంతో తొలగించి, ఖండితం కావలసిన ప్రోటీన్‌ను రసాయన బంధంతో దానికి కట్టివేశారు. కనుక అవి కదలికలోని ఒక క్షణాన్నే చూపుతాయి. మూత్రపిండ కణాల నుండి రూపొందినదిగా భావించిన కణపరంపరలో తయారై, కృత్రిమ ఆచ్ఛాదనలో నిలిచిన ప్రోటీన్ చుట్టూ నాడీకణంలోని లిపిడ్ల కూర్పు ఉండదు. మెదడులో ప్రెసెనిలిన్, ఏపీహెచ్-1 రకాలను బట్టి ఒకటికి మించిన గామా సెక్రటేజ్‌లు ఉంటాయన్నదీ గమనార్హం.

6. ముగింపు:
పునఃసంయోజక త్వచప్రోటీన్ మెదడుకు ప్రతిరూపం కాదు. మెదడులోని ఒక చర్యను విడదీసి చూడగల సాధనం. సెమాగసెస్టాట్‌ను రోగులకు ఇచ్చినప్పుడు ఎంజైమ్ నిర్మాణం ఇంత స్పష్టంగా తెలియదు. ఇప్పుడు తెలిసింది. అయితే ప్రయోగశాలలో లభించిన ఫలితాన్ని సజీవ నాడీకణంలో పరీక్షించిన తరువాతే చికిత్సకు అన్వయించాలి. కోతను పూర్తిగా ఆపడానికి బదులు, పొడవైన ముక్కల ఉత్పత్తిని తగ్గించేలా దాని తీరును మార్చే అణువుల అన్వేషణకు ఈ నిర్మాణాలు ఆధారమవుతున్నాయి.