సైట్‌కి వచ్చేది ఎవరు? ఏ పని మీద?

2010లో ర్యాండల్ మన్రో ఒక కార్టూన్ గీశారు. నాసాలో పనిచేసి బయటికొచ్చి, ‘ఎక్స్‌కేసీడీ’ పేరుతో ఇంటర్నెట్‌లో కార్టూన్లు వేస్తున్న అమెరికన్ ఆయన. ఆ బొమ్మలో కొంచెం ఒకదాని మీదికొకటి వచ్చిన రెండు వృత్తాలుంటాయి. యూనివర్సిటీ వెబ్‌సైట్ మొదటి పేజీలో కనిపించేవన్నీ ఒక దాంట్లో: క్యాంపస్ ఫొటోలు, ప్రెసిడెంట్ సందేశం, పత్రికా ప్రకటనలు, పూర్వ విద్యార్థుల ఘనతలు. ఆ సైట్‌కి వచ్చినవాళ్లు వెతుక్కునేవి రెండో దాంట్లో: దరఖాస్తు ఫారాలు, అకడమిక్ క్యాలెండర్, అధ్యాపకుల ఫోన్ నంబర్లు, పార్కింగ్ వివరాలు, పనికొచ్చే మ్యాప్. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, యూనివర్సిటీ పూర్తి పేరు.

మన దగ్గర కాలేజీ వెబ్‌సైట్లతో అవస్థపడినవారికి ఆ బొమ్మను విడమరిచి చెప్పనక్కర్లేదు. పేజీ తెరవగానే ఛైర్మన్ గారి సందేశం, భవనాల ఫొటోలు, పైన పరుగులు తీసే అక్షరాల్లో శుభాకాంక్షలు. ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడో చూసుకుందామని వచ్చిన విద్యార్థి మాత్రం మెనూలన్నీ తిరగాలి. ఏ మూలో పీడీఎఫ్ దొరికితే దొరికినట్టు, లేదంటే ఆఫీసుకి ఫోన్ చేయాలి.

దీనికి డిజైనర్‌ని తప్పుపట్టి లాభం లేదు. ‘సైట్ పాతబడింది, కొత్తగా చేయించాలి’, ‘పక్క కాలేజీకి బాగుంది, మనకీ అలాంటిది కావాలి’ అని పని అప్పగిస్తే అతను మాత్రం ఏం చేస్తాడు? ఇక్కడికి ఎవరొస్తారు, ఏ పని మీద వస్తారు అన్నది ముందే తేల్చుకోవాల్సింది సైట్ చేయించేవాళ్లే.

బ్రిటన్ ప్రభుత్వం ఈ ప్రశ్నను పట్టుబట్టి అడిగింది. 2010 నాటికి అక్కడ ఏ శాఖకి ఆ శాఖ సొంత వెబ్‌సైట్ పెట్టుకుంది. అవి చాలవన్నట్టు పౌరుల కోసం డైరెక్ట్‌గవ్, వ్యాపారుల కోసం బిజినెస్ లింక్ అని రెండు పెద్ద సైట్లు. డైరెక్ట్‌గవ్‌ని ఏం చేస్తే బాగుంటుందో చెప్పమని లాస్ట్‌మినిట్ డాట్ కామ్ స్థాపకుల్లో ఒకరైన మార్తా లేన్ ఫాక్స్‌ని అడిగారు. పైపై మరమ్మతులు చాలవు, మొత్తం మార్చాల్సిందేనని ఆమె నివేదిక ఇచ్చారు. 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే బృందం పుట్టింది.

ఆ బృందం రంగులతో మొదలుపెట్టలేదు. జనం ఏమేం వెతుకుతున్నారో తెలుసుకోవడానికి సెర్చ్ వివరాలను తిరగేసింది. అవసరాలను రాసి పెట్టుకోవడానికి ‘నీడోట్రాన్’ అనే సాఫ్ట్‌వేర్‌ని సొంతంగా తయారుచేసుకుంది. ప్రతి అవసరాన్నీ ఒకే తీరులో రాయాలి: నేను ఫలానా మనిషిని, నాకు ఫలానాది కావాలి, దాంతో నాకు ఫలానా పని జరుగుతుంది. ప్రభుత్వం తప్ప మరొకరు చేయలేని పనులకే ప్రభుత్వ సైట్‌లో చోటివ్వాలన్న నియమం కూడా పెట్టుకున్నారు. ఈ రెండు జల్లెళ్లలో పాత పేజీలు బోలెడు ఎగిరిపోయాయి. 2012 అక్టోబర్ 17న డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ రెండింటి స్థానంలో గవ్ డాట్ యూకే వచ్చింది.

ఆ సైట్‌లో సెలవుల పేజీ ఒక్కటి చూస్తే చాలు, సంగతి అర్థమైపోతుంది. అక్కడ ప్రభుత్వ సెలవులను బ్యాంక్ హాలిడేలంటారు. ఆ పేజీ తెరిచేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఒకటే, ఈసారి సెలవు ఎప్పుడు? ఆ తేదీ పైనే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు ఒక ట్యాబ్, స్కాట్లండ్‌కి ఒకటి, ఉత్తర ఐర్లండ్‌కి ఒకటి. ఎందుకంటే సెలవులన్నీ అందరికీ ఒకటి కావు. తక్కిన తేదీలు కింద పట్టికలో, వాటిని ఫోన్ క్యాలెండర్‌లోకి ఎక్కించుకునే లింకు పక్కన. మంత్రిగారి ఫొటో లేదు, సందేశం లేదు. చాలా సెలవు రోజుల్లో చూస్తే మాత్రం ఆ పేజీకి రంగురంగుల తోరణం కట్టి ఉంటుంది. పని పూర్తిగా తీర్చాక ముచ్చట కూడా తీర్చారన్నమాట. ఇంత సాదాగా ఉండే సైట్‌కి లండన్‌లోని డిజైన్ మ్యూజియం 2013లో ఆ ఏటి ఉత్తమ డిజైన్ పురస్కారం ఇచ్చింది.

బ్రిటన్‌లోనే దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల సంస్థ దాదాపు 15 కోట్ల పౌండ్లు పెట్టి 2014 ఫిబ్రవరిలో కొత్త సైట్ తెరిచింది. పెద్ద పెద్ద ఫొటోలు, ఫ్యాషన్ పత్రికలో వచ్చేలాంటి కథనాలు చేర్చింది. పాత ఖాతాదారులేమో మళ్లీ కొత్తగా పేరు నమోదు చేసుకోవాల్సి వచ్చింది. జూన్ నెలాఖరుకి ముగిసిన 13 వారాల్లో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. కొత్త సైట్ కుదురుకోవడానికి కొంత సమయం పడుతుందని కంపెనీ చెప్పింది, మరుసటి ఏటికి అమ్మకాలు కోలుకున్నాయి కూడా. అయినా చొక్కా కొనడానికి వచ్చిన పాత కొనుగోలుదారుని గుమ్మంలో ఆపి పేరు అడగడం ఏ దుకాణానికీ మంచిది కాదు.

పని ముందు తేల్చుకుని యంత్రాంగం తర్వాత కట్టిన అనుభవం మనకీ ఉంది. హైదరాబాద్‌లో ఒకప్పుడు కరెంటు బిల్లుకి ఒక క్యూ, నీటి బిల్లుకి ఒక క్యూ, ఇంటి పన్నుకి ఇంకొకటి. 1999లో ‘ట్విన్స్’ పేరుతో ప్రయోగంగా మొదలై 2001లో ‘ఈ-సేవ’గా మారిన కేంద్రాలు ఎత్తుకున్న పని స్పష్టమైనది: ఏ శాఖ బిల్లయినా ఒకే కౌంటర్‌లో కట్టించుకోవాలి. ఏది ఏ శాఖదో జనానికి తెలియాల్సిన అవసరం లేకుండా పోయింది. ‘మీ సేవ’ ఆ దారిలోనే 2011లో వచ్చింది.

చిన్న వ్యాపారానికి ఇంత హంగామా అక్కర్లేదు. పచ్చళ్లు అమ్మే కుటుంబం సైట్ చేయించుకోవాలనుకుంటే, ముందు ఒక వారం పాటు ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ వచ్చిన ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. అమెరికాకి పంపుతారా, కిలోకి పార్సిల్ ఖర్చెంత, వెల్లుల్లి లేకుండా దొరుకుతుందా, ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది? మొదటి పేజీ ఆ పుస్తకంలోనే తయారవుతుంది. తాతగారి కాలం నాటి కథ కూడా చెప్పుకోవచ్చు, తప్పులేదు, కానీ దాని చోటు ధరల పట్టిక తర్వాత. యజమాని అవసరాన్నీ దాచుకోనక్కర్లేదు. వచ్చినవాళ్లు ఆర్డర్ పెట్టాలన్నదే కోరికైతే అదీ రాసుకోవాలి. వచ్చినవారి పనీ, యజమాని పనీ ఒకే బటన్ దగ్గర కలిసేలా చూడటమే డిజైనర్‌కి అప్పగించాల్సిన బాధ్యత.

పని జరుగుతోందో లేదో తెలిసే కొలత కూడా ముందే అనుకోవాలి. ఎంతమంది చూశారన్న లెక్క చాలామందిని మురిపిస్తుంది, కానీ దారి తెలియక పది పేజీలు తిరిగినవాడు కూడా ఆ లెక్కలో పది చూపులుగానే కనిపిస్తాడు. ఆసుపత్రి సైట్ అయితే ఏ డాక్టర్ ఏ రోజు ఉంటారని అడిగే ఫోన్లు తగ్గాయా? కాలేజీ అయితే ఫీజు తేదీ కోసం ఆఫీసు కిటికీ దగ్గర గుమిగూడేవాళ్లు తగ్గారా? చూడాల్సినవి ఇవి. ఉన్న సైట్‌ని మార్చేటప్పుడు మరీ జాగ్రత్త కావాలి. జనం ఇప్పటికే వాడుకుంటున్న పేజీలు ఏవో తెలుసుకోకుండా చేయి వేస్తే, పనికొస్తున్నదే ముందు పోతుంది.

మీరూ సైట్ చేయించే ఆలోచనలో ఉంటే కొటేషన్లు అడగడం కొన్నాళ్లు ఆపండి. మీ దగ్గరికి ఎవరొస్తున్నారో, ఏ పని మీద వస్తున్నారో, పని జరిగిందని మీకెలా తెలుస్తుందో ఒక కాగితం మీద మామూలు తెలుగులో రాయండి. దాన్ని ముందు మీ కౌంటర్‌లో కూర్చునే మనిషికి చూపించండి, డిజైనర్‌కి ఆ తర్వాత ఇవ్వండి.