పుస్తకం మూస్తేనే జీవశాస్త్రం

మహారాష్ట్ర బోర్డు పదో తరగతి పరీక్షల్లో సైన్స్‌కు రెండు పేపర్లు. భౌతిక, రసాయన శాస్త్రాలు మొదటిదానికి పోగా, రెండోదానిలో పెద్ద వాటా జీవశాస్త్రానిదే. అనువంశికత, జీవక్రియలు, జంతువుల వర్గీకరణ, సూక్ష్మజీవులు, కణజీవశాస్త్రం అన్నీ అందులోనే. 40 మార్కులు, 2 గంటలు. సంక్రాంతి దాటిందంటే ఈ పేపరు కోసం భివండీ మరమగ్గాల బస్తీల్లో పిల్లలు పడే పాట్లు అన్ని ఇళ్లలోనూ ఒక్క తీరుగానే ఉంటాయి. గైబీ నగర్ సందుల్లో ఒకరి చదువు ఉర్దూలో సాగుతుంది, ఇంకొకరిది మరాఠీలో. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి పద్మనగర్, కామత్‌ఘర్‌లలో స్థిరపడ్డ పద్మశాలీల ఇళ్లలో తెలుగులోనూ సాగుతుంది. మాధ్యమం ఏదైనా పద్ధతి మారదు. పాఠం చదవడం, ముఖ్యమనిపించిన వాక్యం కింద గీత కొట్టడం, గైడులో జవాబును పదిసార్లు వల్లెవేయడం, మళ్లీ మొదటి పేజీకి రావడం. ఇంత కష్టపడ్డ పిల్లవాడు పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే ‘చదివిందే, గుర్తు రావట్లేదు’ అని బిక్కమొహం వేస్తాడు. ఇంట్లోవాళ్లు దానికి తెలివి చాలలేదనో, శ్రద్ధ లేదనో పేరు పెడతారు. లోపం తెలివిలోనూ లేదు, శ్రద్ధలోనూ లేదు. వాడు రోజుల తరబడి సాధన చేసిన పని వేరు, పరీక్ష అడిగిన పని వేరు.

చదవడమంటే కళ్ల ముందున్నదాన్ని లోపలికి తీసుకోవడం. పరీక్ష అంటే కళ్ల ముందు లేనిదాన్ని లోపలి నుంచి బయటికి తేవడం. పేజీని నాలుగోసారి చదువుతున్నప్పుడు వాక్యాలు సులువుగా సాగిపోతాయి, బొమ్మ పరిచయమున్న ముఖంలా పలకరిస్తుంది. ఆ సులువునే పిల్లలు ‘వచ్చేసింది’ అనుకుంటారు. నిజానికి వచ్చింది గుర్తుపట్టడం ఒక్కటే. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చుంటే గానీ ఎంత వచ్చిందో, ఎంత రాలేదో తేలదు. ఆ కూర్చోవడం కష్టంగా ఉంటుంది కాబట్టే ఎవరూ దాని జోలికి పోరు. ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని నూరేళ్లకు పైబడ్డ పరిశోధనలు చెబుతున్నాయి.

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాలతో ఈ కథ మొదలవుతుంది. అర్థంలేని అక్షరాల గుంపులను తనే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో ఆయన లెక్క కట్టాడు. మరుపు తొలి గంటల్లో జోరుగా సాగి, ఆ తర్వాత మెల్లబడుతుందని తేల్చాడు. అర్థానికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం అడ్డురాకూడదనే ఆయన అర్థంలేని అక్షరాలను ఏరుకున్నాడు. మన పిల్లలు అర్థమున్న జీవశాస్త్రాన్ని తీసుకెళ్లి, వల్లెవేతతో దాన్ని అర్థంలేని అక్షరాలుగా మార్చుకుంటున్నారు! అటుపై 1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో స్పిట్జర్ అనే పరిశోధకుడు 91 బడుల్లో 3,600 మందికి పైగా ఆరో తరగతి పిల్లలతో వ్యాసాలు చదివించాడు. చదివిన వెంటనే చిన్న పరీక్ష రాసినవాళ్లకు వారాల తర్వాత కూడా పాఠం మెరుగ్గా గుర్తుంది. పరీక్ష జ్ఞాపకాన్ని కొలిచే సాధనం మాత్రమే కాదు, దాన్ని నిలబెట్టే సాధనం కూడానని బడిపిల్లలతోనే తేలిపోయిన విషయం ఇది. మన బడులకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం ఈ వాదానికి ఆయువుపట్టు. ఒక జట్టు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీమళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే అంతా తారుమారు. గుర్తు తెచ్చుకున్నవాళ్లు దాదాపు 61 శాతం చెప్పగలిగితే, నాలుగు విడతలు చదివినవాళ్లు 40 శాతం దగ్గర ఆగిపోయారు. ఇందులో బట్టీని వెనకేసుకొచ్చేవారికీ ఒక ముక్క ఉంది, దాన్ని దాచకూడదు. హాలు గేటు దగ్గర నిలబడి చివరి అయిదు నిమిషాలు పుస్తకం తిరగేసేవాడు చేసేది పూర్తిగా వృథా కాదు. అయితే పదో తరగతి సిలబస్ అంతా గేటు దగ్గర పట్టదు.

ఈ సూత్రం తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. అష్టావధానంలో అవధాని చేతిలో కాగితం ఉండదు. సమస్య అడిగినవారికి ఒక పాదం చెప్పి, దత్తపదికి వెళ్లి, నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరం తప్పించుకుంటూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా బదులిచ్చి, మళ్లీ సమస్య దగ్గరికొచ్చి రెండో పాదం అందుకోవాలి. అందుకోవాలంటే మొదటి పాదాన్ని చూడకుండా తవ్వి తీయాలి. ప్రతి ఆవృత్తంలోనూ ఇదే వరస. చివర ధారణలో పద్యాలన్నీ గడగడ అప్పజెబుతుంటే సభ చప్పట్లు కొడుతుంది. ధారణ చివర్లో ఊడిపడిన అద్భుతమని అనుకుంటాం గానీ, ఎడం ఇచ్చి, మధ్యలో వేరే పనులు పెట్టుకుని, మళ్లీమళ్లీ బయటికి తీయడం వల్లే అది నిలిచింది. ఆ ప్రజ్ఞ అందరికీ రాకపోవచ్చు. ఆ వరసను మాత్రం ఎవరైనా అరువు తెచ్చుకోవచ్చు.

ఇక పిల్లల్ని అన్నింటికన్నా బెదరగొట్టే పాఠానికి వద్దాం: జంతువుల వర్గీకరణ. పొరిఫెరా, సీలెంటరేటా, ప్లాటీహెల్మింథిస్, ఆస్కెహెల్మింథిస్, అనెలిడా, ఆర్థ్రోపొడా, మొలస్కా, ఇఖైనోడర్మేటా, హెమీకార్డేటా. ఈ పేర్లను దండలా గుచ్చి ఒప్పజెప్పడానికి ఒక సాయంత్రం చాలు, మూడోనాటికి దండ తెగిపోవడానికి ఇంకేం అక్కర్లేదు. ఇదే పాఠాన్ని మూడు ప్రశ్నలతో పట్టుకోవచ్చు. శరీరానికి సౌష్ఠవం ఉందా, ఉంటే ఏ రకం? పిండదశలో బీజస్తరాలు రెండా, మూడా? దేహకుడ్యానికీ లోపలి అవయవాలకూ మధ్య కుహరం ఉందా? స్పంజికకు సౌష్ఠవమే లేదు, పొరిఫెరా తేలిపోయింది. హైడ్రాకు వలయ సౌష్ఠవం, రెండే స్తరాలు. బద్దెపురుగు దగ్గర మూడో స్తరం, ద్విపార్శ్వ సౌష్ఠవం వచ్చాయి, కుహరం మాత్రం లేదు. ఏలికపాముకు ఉన్నది మిథ్యాకుహరం. వానపాముకు నిజకుహరం, దానికి తోడు ఒళ్లంతా ఖండితాలు. ఇలా వస్తూ సముద్ర నక్షత్రం దగ్గర ఆగాలి. డింభకంగా ఉన్నప్పుడు దానిది ద్విపార్శ్వ సౌష్ఠవం, పెద్దయ్యాక వలయ సౌష్ఠవం. వరస తప్పిన ఈ ఒక్క జీవి మొత్తం వరసను గుర్తుంచేస్తుంది, ఎందుకంటే అది ఎక్కడ తప్పిందో చెప్పాలంటే వరస ఏమిటో తెలియాలి. పుస్తకం మూసి ఈ మూడు ప్రశ్నలనూ కాగితం పైన అడ్డంగా రాసి, కింద గళ్లు నింపుకుంటూ పోతే, ఖాళీగా మిగిలిన గడులే మర్నాడు చదవాల్సినవి. నిండిన గడులను ఇంకోసారి చదవడం మనసుకు హాయిగా ఉంటుంది తప్ప మార్కులు తేదు.

జంతువులను వరసలో కాకుండా కలగలిపి అడిగించుకోవడం ఇంకా మేలు. మొలస్కా అంతా ఒకరోజు, ఆర్థ్రోపొడా అంతా ఇంకోరోజు చదివితే ఏ రోజుకారోజు అంతా వచ్చినట్టే ఉంటుంది. పరీక్ష మాత్రం నత్తనూ రొయ్యనూ జలగనూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటుంది. చిత్రకారుల శైలులను గుర్తుపట్టడంపై కోర్నెల్, బ్యోర్క్ 2008లో చేసిన ప్రయోగంలో, ఒక్కొక్కరి బొమ్మలు వరసగా చూసినవాళ్లకన్నా కలిపి చూసినవాళ్లే కొత్త బొమ్మ ఎవరిదో బాగా చెప్పగలిగారు. అయినా వరసగా చూస్తేనే బాగా వచ్చిందని చాలామంది నమ్మారు. చదువు విషయంలో మన మనసు మనకిచ్చే కితాబును అంతగా నమ్మడానికి వీల్లేదు.

జీవశాస్త్రం అర్థం చేసుకోవాల్సిన శాస్త్రం, అప్పజెప్పించడమంటే దాన్ని మళ్లీ బట్టీకే దించడం కాదా అని బోధన తెలిసినవారు అడుగుతారు. బలమైన ప్రశ్నే. కార్పికే, బ్లంట్ 2011లో దీన్నే పరీక్షించారు. కొందరు విద్యార్థులు పాఠం ముందు పెట్టుకుని భావాల మధ్య సంబంధాలను పటంగా గీశారు. కొందరు పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. వారం తర్వాత ఉన్నదున్నట్టు అడిగే ప్రశ్నలతో పాటు, పాఠంలో నేరుగా లేనిదాన్ని ఊహించి చెప్పే ప్రశ్నలూ ఇచ్చారు. రెండింటిలోనూ గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. పటాలు గీయడంలో తగిన తర్ఫీదు లేనివారితో పోటీ పెట్టారన్న విమర్శ వచ్చింది, అందులో న్యాయం లేకపోలేదు. పటాన్ని కూడా చూడకుండా గీస్తే అదీ గట్టిగానే పనిచేస్తుందని ఆ పరిశోధకులే తర్వాత చూపించారు. కాబట్టి పోటీ పటానికీ రాతకూ మధ్య కాదు, తెరిచిన పుస్తకానికీ మూసిన పుస్తకానికీ మధ్యనే. అర్థం ముందు రావాల్సిందే, అర్థంకానిదాన్ని బయటికి తీయలేం. అర్థమైంది కదా అని ఊరుకుంటే మాత్రం అదీ నిలవదు.

మహారాష్ట్ర పేపర్లో ‘శాస్త్రీయ కారణాలు రాయండి’ అనే ప్రశ్న అందుకే ఉంది. బాగా పరుగెత్తాక ఒళ్లెందుకు అలసిపోతుంది? ఆక్సిజన్ చాలక కండరాల్లో అవాయు శ్వాసక్రియ జరిగి, ఏటీపీ తక్కువ తయారై, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని పుస్తకం చెబుతుంది. పుస్తకం మూసి ఆ గొలుసును వెనక నుంచి ముందుకు తనకు తానే ఎందుకు, ఎందుకు అని అడుగుతూ పోయినవాడికి ప్రశ్నను ఎటు తిప్పి ఇచ్చినా దారి దొరుకుతుంది. ఏటీపీ అనగానే తెలుగు పిల్లలకు ఇంకో కొండగుర్తు కూడా అందాలి. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు దాన్ని విడివిడిగా కనుగొన్నారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కని సుబ్బారావు పేరు ఆ పాఠంతో పాటే పిల్లలకు చేరాలి.

తప్పు గుర్తొచ్చి, అదే నాటుకుపోతే? ఆ ప్రమాదం నిజమే, అందుకే రాసిన వెంటనే పుస్తకం తెరిచి ఎర్ర సిరాతో దిద్దుకోవడం ఈ పద్ధతిలో సగం పని. దిద్దుబాటు ఎగ్గొడితే తప్పు తప్పుగానే మిగిలిపోతుంది. యూట్యూబ్ పాఠాల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. అర్థం కావడానికి చూడొచ్చు, ఒకే వీడియోను మూడుసార్లు చూడడం మాత్రం ఒకే పేజీని మూడుసార్లు చదవడంతో సమానం.

అసలైన అభ్యంతరం గైబీ నగర్ లాంటి చోట గోడ అవతలి నుంచే వినబడుతుంది. సాంచాలు ఆగని సందులో, ఒక్క గదిలో ఇంటిల్లిపాదీ ఉండే చోట, ఏకాగ్రత గురించి పాఠాలు చెప్పడం తేలిక. చప్పుడు చదువును దెబ్బతీస్తుందన్నది ఊరకే అనే మాట కాదు. న్యూయార్క్‌లో రైలు పట్టాలను ఆనుకున్న ఒక బడిలో, పట్టాల వైపు గదుల్లో కూర్చునే పిల్లలు చదవడంలో అవతలి వైపు పిల్లలకన్నా వెనకబడ్డారని 1975లో బ్రాంజాఫ్ట్, మెకార్తీ చూపించారు. పట్టాల కింద రబ్బరు మెత్తలు, తరగతి గదులకు శబ్దాన్ని పీల్చే కప్పులు వేశాక ఆ తేడా పోయిందని 1981లో బ్రాంజాఫ్టే రాశారు. అంటే పిల్లల్ని మార్చలేదు, చప్పుడును తగ్గించారు. మరమగ్గాల పట్టణంలో పరీక్షల నెలల్లో సాయంత్రం పూట కార్పొరేషన్ బడుల గదులు తెరిచి ఉంచమని అడగడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ గదులు తెరుచుకునేదాకా, గంటల తరబడి నిశ్శబ్దం అడిగే పారాయణం కన్నా, పది నిమిషాల్లో ఒక బొమ్మను చూడకుండా గీసి దిద్దుకునే పనే ఈ ఇళ్లకు అమరుతుంది. దానికి పుస్తకం కూడా చేతిలో ఉండనక్కర్లేదు. నీళ్ల కోసం వరసలో నిలబడ్డప్పుడు గుండె గదుల్లో రక్తం ఏ దారిన పోతుందో తలచుకోవచ్చు. కండెలు చుడుతున్న అమ్మకు గుండె పాఠం తెలియకపోయినా, “ఏదీ, చూడకుండ జెప్పు బిడ్డా” అనడం తెలుసు. ఎక్కడ నీళ్లు నమిలాడో పట్టుకోవడానికి ఆమెకు జీవశాస్త్రం రానక్కర్లేదు.

సమయం లేదనే మాట మిగిలింది. పరీక్షకు మూడు రోజులే ఉంటే ఎడం ఎలా ఇస్తాం? మూడు రోజుల్లోనూ ఇవ్వొచ్చు. పొద్దున శ్వాసక్రియ రాసి, మధ్యాహ్నం కణవిభజన పట్టుకుని, రాత్రి పడుకోబోయే ముందు పొద్దుటిది మళ్లీ ఒకసారి బయటికి తీయాలి. తెల్లవార్లూ మేలుకోవడం మానుకోవాలి. చదివాక నిద్రపోతే మరుపు తక్కువని జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లోనే చూపించారు. అయినా మూడు రోజులకు కుదించాల్సిన గతి పట్టడమే అసలు తప్పు, ఆ తప్పు పిల్లలది కాదు. జూన్‌లో బడి తెరిచిన వారం నుంచీ ప్రతి సైన్స్ పీరియడ్ మొదటి అయిదు నిమిషాలు నిన్నటి పాఠం మీద మూడు ప్రశ్నలు, పోయిన నెల పాఠం మీద ఒక ప్రశ్న వేసి, కాగితాలు పక్కవాళ్లతో మార్పించి దిద్దిస్తే చాలు. మార్కులు వేయక్కర్లేదు, రిజిస్టర్లో ఎక్కించక్కర్లేదు, టీచర్ ఇంటికి కట్టలు మోసుకెళ్లక్కర్లేదు. సిలబస్ ఎక్కడ పూర్తవుతుందని టీచర్లు అంటారు. జనవరిలో రివిజన్ పేరుతో అదే సిలబస్‌ను రెండోసారి చదివించడానికి పోయే వారాలను లెక్కేసి చూస్తే, ఆ అయిదు నిమిషాలు ఎక్కడి నుంచి తీయాలో వాళ్లకే తెలుస్తుంది.