పింఛను పత్రముపై ఇల్లాలి చేవ్రాలు

పింఛను మగవారి వ్యవహారమని మనలో పలువురు తలంతురు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల పింఛనునిధి కాల్‌పెర్స్. అందు చేరిన పోలీసు ఉద్యోగి భార్య అట్లు తలంచి యూరకుండరాదు.

2013 జనవరి 1 మొదలు క్రొత్తగా చేరిన పోలీసులలో కొందరికి, 57వ యేట విరమించినచో, సేవచేసిన యేటికి జీతములో నూటికి 2.7 వంతుల చొప్పున పింఛను లెక్కింతురు. 30 ఏండ్ల సేవకు నూటికి 81 వంతులగును.

ఆ సొమ్మును పొందుటకు పలు మార్గములు గలవు. పూర్తి పింఛను కోరినచో ప్రతినెల హెచ్చు సొమ్ము వచ్చును. కాని యది భర్తతోడనే ముగియును. అతడు పనిచేసిన శాఖ వేరుగ కుటుంబభాగ మేర్పరచియున్ననే భార్యకు కొంత దక్కును. మరియొక మార్గమున భర్త కొంత తగ్గించి పుచ్చుకొనును. అతని యనంతరము భార్యకు జీవితాంతము అంతే సొమ్ము వచ్చును. వేరొకదానియందు సగము వచ్చును. భార్య వయస్సు చిన్నదైనకొలది తగ్గింపు హెచ్చు. ఏలయన నిధి యెక్కువకాల మీయవలసివచ్చును.

దరఖాస్తుపై భార్య చేవ్రాలును అడుగుదురు. పింఛను మొదలైన పిదప ఈ నిర్ణయమును మార్చుట మిక్కిలి కష్టము. కావున హెచ్చు అంకెను చూచి మురియక, “మీ యనంతరము నాకేమి మిగులును?” అని ముందుగ నడుగుట అపశకునము గాదు, అది గృహిణీధర్మమే.