పైరు ఫోటో పంపునప్పుడు కలుగు చిక్కులు, వాటి నివారణ

పైరుపై తెగులు కనిపించినప్పుడు నాలుగు ఆకులు కోసి, కాగితములో చుట్టి, బస్సెక్కి పరిశోధనా స్థానానికి తెచ్చుట పూర్వపు పద్ధతి. నేడు ఆ పనిలో చాలా భాగము ఫోను చేయుచున్నది. గట్టుపై నిలబడి ఫోటో తీసి పంపినచో అర గంటలో సలహా అందుటకు వీలున్నది. కాని పంపిన ఫోటో అవతలివారి వద్ద తెరుచుకొననిచో ఈ సౌకర్యమంతయు వ్యర్థము. ఈ చిక్కు ఎందువలన కలుగుచున్నదో, రైతు తన ఫోనులోనే దానిని ఎట్లు సవరించుకొనవచ్చునో ఈ వ్యాసములో వివరింపబడినది.

ఒక అనుభవము

ఒక సార్వాలో వరి పిలకలు వేయు దశలో ఒక రైతు ఆకుమచ్చల ఫోటోను వాట్సాప్ ద్వారా నాకు పంపినారు. ఫోటో మసకగా వచ్చినది. మచ్చలున్నవని తెలియుచున్నది గాని వాటి ఆకారము తేలలేదు. "అసలు ఫోటోను తగ్గించకుండా ఈ-మెయిలులో పంపండి" అని చెప్పితిని. సాయంత్రము ఆయన కుమారుడు తన కొత్త ఫోనుతో మరల ఫోటోలు తీసి, ఫైలుగా జతపరచి పంపినాడు. మా కంప్యూటరు ఆ ఫైలును తెరవలేదు. ఆ సంగతి చెప్పగా, ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలను మార్చి మరునాడు మరల పంపినాడు. అదియు తెరుచుకొనలేదు. మూడవనాడు రైతే స్వయముగా ఆకులు పట్టుకొని వచ్చినారు. చూచిన వెంటనే అది అగ్గి తెగులని తెలిసినది.

అయితే ఈలోగా ఆయన ఊరకుండలేదు. పైరు బలము చాలక మచ్చలు పడినవని ఎవరో చెప్పగా, ఎకరానికి అర బస్తా యూరియా చల్లినారు. అగ్గి తెగులు సోకిన పైరుకు నత్రజని వేయుట నిప్పుపై నూనె పోయుట వంటిది. తెగులు మరింత వ్యాపించినది.

ఇందులో తప్పు రైతుది కాదు. ఫోటో పంపమన్న నేను ఏ రకపు ఫైలుగా పంపవలెనో చెప్పలేదు. అందువలననే ఈ విషయమును రైతు సోదరులందరికి తెలియజేయుట అవసరమని తోచినది.

ఫోటో స్పష్టముగా ఎందుకుండవలెను?

వరిలో అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారములో, రెండు కొనలు సన్నగా, మధ్య బూడిద రంగు, అంచు గోధుమ రంగు కలిగియుండును. గోధుమ మచ్చ తెగులులో మచ్చలు చిన్నవిగా, నువ్వు గింజవలె గుండ్రముగా గాని కోలగా గాని ఉండును. మొదటిది నత్రజని ఎక్కువైన పైరులో విజృంభించును. రెండవది పోషకాలు చాలని నేలలలో హెచ్చుగా కనిపించును. ఒకదానికి యూరియా ఆపవలెను. రెండవదానికి భూసార లోపాన్ని సవరించవలెను. మచ్చ కొన సన్నగా ఉన్నదా, గుండ్రముగా ఉన్నదా అను ఒక్క విషయము మీదనే ఈ రెండు సలహాలు ఆధారపడియున్నవి. మసక ఫోటోలో మొదట చెరిగిపోవునది ఆ కొనయే.

ఫైళ్లలో ఇన్ని రకాలు ఎందుకు?

ఫోనులోని ఫోటో చిన్న చిన్న రంగు చుక్కల కూర్పు. అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలున్న ఫోటోలో మొత్తము 1 కోటి 20 లక్షల చుక్కలుండును. ఒక్కొక్క చుక్క రంగును వ్రాయుటకు 3 బైట్లు కావలెను. ఉన్నది ఉన్నట్లు వ్రాసినచో ఒక్క ఫోటోకు 3 కోట్ల 60 లక్షల బైట్లు, అనగా సుమారు 36 ఎంబీ స్థలము పట్టును. నూరు ఫోటోలకు 3.6 జీబీ అగును. ఇంత బరువును దాచుటయు కష్టమే, పంపుటయు కష్టమే. కాబట్టి కళ్లములోని వదులు గడ్డిని అదిమి మోపు కట్టినట్లు, ఫోటోను కుదించి ఫైలుగా కట్టుదురు. మోపు కట్టు పద్ధతులు అనేకములు. ఏ పద్ధతిలో కట్టినారో ఆ ముడి విప్పుట తెలిసిన యంత్రమే దానిని తెరవగలదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

నేడు రైతుకు తగులు ముఖ్యమైన రకాలు ఇవి:

జేపీఈజీ (పేరు చివర జేపీజీ అని ఉండును). 1992లో ప్రమాణముగా వచ్చినది. ఫోటోను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల గళ్లుగా విభజించి, కంటికి అంతగా తెలియని వివరాలను వదలివేసి కుదించును. నేటి ఫోన్లు, కంప్యూటర్లు దాదాపు అన్నియు దీనిని తెరవగలవు.

హెచ్ఈఐసీ. దీనికి ఆధారమైన ప్రమాణము 2015లో సిద్ధమైనది. యాపిల్ కంపెనీ 2017లో ఐఓఎస్ 11తో దీనిని తన ఫోన్లలో ప్రవేశపెట్టినది. వీడియోలను కుదించు కొత్త పద్ధతితో ఫోటోలను కుదించుట వలన జేపీఈజీలో పట్టు స్థలములో సుమారు సగములోనే అదే నాణ్యత గల ఫోటో ఇముడును. ఆండ్రాయిడ్ ఫోన్లు 2018లో వచ్చిన 9వ వెర్షన్ నుండి దీనిని చదువగలవు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోటోలను ఈ రకముగా తీయు ఏర్పాటు కూడ ఉన్నది.

పీఎన్‌జీ. 1996లో ప్రమాణమైనది. వివరమేదియు పోగొట్టదు. పటాలకు, అక్షరాలున్న చిత్రాలకు మేలైనది. పొలము ఫోటోకు మాత్రము చాలా స్థలము తీసికొనును.

వెబ్‌పీ. గూగుల్ 2010లో తెచ్చినది. వెబ్‌సైటు నుండి చిత్రమును దింపుకొన్నప్పుడు తరచు ఈ రకము వచ్చును. పాత కంప్యూటర్లలోని చిత్రాల ప్రోగ్రాములు కొన్ని దీనిని తెరవలేవు.

మేలైనది ఎందుకు అన్నిచోట్ల తెరుచుకొనదు?

హెచ్ఈఐసీ మేలైనదైనప్పుడు అన్ని కంప్యూటర్లు దానిని ఎందుకు తెరవవని సందేహము కలుగవచ్చును. అందు వాడు కుదింపు పద్ధతిపై అనేక కంపెనీలకు పేటెంటు హక్కులున్నవి. దానిని తమ యంత్రాలలో చేర్చువారు లైసెన్సు రుసుము చెల్లించవలసియుండును. ఈ కారణముచే కొందరు దానిని చేర్చినారు, కొందరు చేర్చలేదు. విండోస్ 10 గల అనేక కంప్యూటర్లలో ఇందుకు అవసరమైన భాగాలను వేరుగా దింపుకొనవలసి వచ్చినది. అంతకంటె పాత కంప్యూటర్లకు ఆ పాటి సౌకర్యము కూడ లేదు.

ఈ తగవు కొత్తది కాదు. 1987లో వచ్చిన జీఐఎఫ్ అను రకములో వాడిన కుదింపు పద్ధతిపై యూనిసిస్ అను కంపెనీకి పేటెంటు ఉండెను. 1994 చివర ఆ రుసుము సంగతి బయటికి రాగా, ఎవరికిని రుసుము చెల్లించనవసరము లేని రకము కావలెనని కొందరు నిపుణులు కలిసి తయారు చేసినదే పీఎన్‌జీ. హక్కులు ఎవరివైనను, చివరకు ఇబ్బంది పడునది ఫోటో తీసినవాడు, చూడవలసినవాడు.

ఒకే ఫోను నుండి పంపిన ఫోటో ఒకసారి తెరుచుకొని మరియొకసారి తెరుచుకొనకపోవుటకు కూడ కారణము కలదు. కొన్ని మార్గాలలో పంపునప్పుడు ఫోనే దానిని జేపీఈజీగా మార్చి పంపును. వేరొక మార్గములో పంపినచో ఉన్నది ఉన్నట్లు పంపును. మార్చినదీ లేనిదీ పంపినవారికి తెలియదు.

పేరు మార్చినచో రకము మారదు

ఎంటీయూ 1010 విత్తనమున్న సంచిపై బీపీటీ 5204 అని చీటీ కుట్టినచో లోపలి విత్తనము మారునా? ఫైలు సంగతియు ఇంతే. పేరు చివరనున్న హెచ్ఈఐసీ అను అక్షరాలను తీసివేసి జేపీజీ అని వ్రాసినచో చీటీ మారును గాని లోపలి కట్టు మారదు. ఫైలు మొదటి భాగములోనే దాని రకమును తెలుపు గుర్తులు ఉండును. ఫైలును ఒకసారి తెరచి, మరల జేపీఈజీగా కట్టించినప్పుడే రకము నిజముగా మారును.

రైతులు పాటించవలసిన పద్ధతులు

1. ఫోను కెమెరాను ముందుగానే సరిచేసికొనవలెను. ఐఫోనులో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్ వరుసగా తెరచి "మోస్ట్ కంపాటిబుల్" అనుదానిని ఎన్నుకొన్నచో ఆ తరువాత తీయు ఫోటోలు జేపీఈజీగా వచ్చును. ఆండ్రాయిడ్ ఫోనులో కెమెరా సెట్టింగులలో "హై ఎఫిషియెన్సీ" అను మీట ఉన్నచో దానిని ఆపివేయవలెను. స్థలము కొంత హెచ్చుగా పట్టును, కాని పంపిన ఫోటో తెరుచుకొనును.

2. ఇంతకు ముందే తీసిన హెచ్ఈఐసీ ఫోటోలను మార్చవలసివచ్చినచో, ఐఓఎస్ 16 గాని ఆ తరువాతది గాని ఉన్న ఐఫోనులో ఫోటోను "ఫైల్స్"లో దాచి, దానిపై వ్రేలు ఒత్తిపట్టి, "క్విక్ యాక్షన్స్"లో "కన్వర్ట్ ఇమేజ్" ఎన్నుకొని జేపీఈజీగా మార్చవచ్చును.

3. మార్చుటకు వ్యవధి లేనిచో ఫోటోను తెర నిండుగా తెరచి, మచ్చను పెద్దది చేసి, స్క్రీన్‌షాట్ తీసి పంపవచ్చును. స్క్రీన్‌షాట్ సామాన్యముగా పీఎన్‌జీగా గాని జేపీఈజీగా గాని ఉండును కాబట్టి తెరుచుకొనును. అసలు ఫోటోలోని వివరము కొంత పోవును. అత్యవసరమునకే ఈ ఉపాయము.

4. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోను అది కుదించి పంపును. వివరము కావలసినప్పుడు 2023లో చేర్చిన "హెచ్‌డీ" గుర్తును నొక్కి పంపవలెను. డాక్యుమెంటుగా పంపినచో ఫైలు ఎట్లున్నదో అట్లే చేరును. కనుక డాక్యుమెంటుగా పంపునప్పుడు అది జేపీఈజీయేనా అని చూచుకొనవలెను.

5. ఒకరు పంపిన ఫోటోను దింపుకొని, కత్తిరించి, మరల దాచి మరియొకరికి పంపుట మంచిది కాదు. జేపీఈజీగా కట్టిన ప్రతిసారి కొంత వివరము తరుగును. అసలు ఫోటో ఉన్న ఫోను నుండే పంపవలెను.

6. పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్ కార్డు వంటి పత్రాల ఫోటోలను మార్చుటకు ముఖము తెలియని వెబ్‌సైట్లలో పెట్టరాదు. అట్టి మార్పులు మన ఫోనులోనే చేసికొనవలెను. ఫైలులో ఫోటో తీసిన చోటు, సమయము కూడ నమోదై ఉండవచ్చునని గుర్తుంచుకొనవలెను.

7. ఒక మొక్కకు మూడు ఫోటోలు పంపవలెను: దూరము నుండి మడి, తరువాత మొక్క మొత్తము, చివరకు మచ్చ దగ్గరగా. ఆకుపై నీడ పడకుండ, కెమెరా చేతిలో కదలకుండ తీయవలెను. పక్కన ఒక రూపాయి నాణెము ఉంచినచో మచ్చ పరిమాణము తెలియును. పంట రకము, నాటిన తేదీ, వేసిన ఎరువులు మాటలలో వ్రాయవలెను. వీటిని ఏ ఫోటోయు చెప్పలేదు.

సలహా ఇచ్చువారి బాధ్యత

ఫోటోలు స్వీకరించు కార్యాలయములలో కనీసము ఒక కంప్యూటరైనను అన్ని రకాల ఫైళ్లను తెరవగలిగినట్లు ఉంచవలెను. ఫోటో తెరుచుకొననిచో "రాలేదు" అని ఊరకుండక, "ఫైలు వచ్చినది గాని తెరుచుకొనలేదు, జేపీఈజీగా పంపండి" అని వెంటనే తెలుపవలెను. ఈ రెండు మాటలకు భేదము తెలియకనే రైతుల కాలము వృథా అగుచున్నది. సలహా అందువరకు కొత్తగా ఎరువు వేయవద్దని కూడ ఆ జవాబులోనే చెప్పుట మంచిది.

ముగింపు

విత్తనము చల్లుటకు ముందు మొలక శాతము పరీక్షించుకొనుట మనకు అలవాటే. అదే విధముగా సీజను ఆరంభములోనే ఆరోగ్యముగా ఉన్న ఒక ఆకు ఫోటో తీసి, మీకు సలహా ఇచ్చు కేంద్రానికి పంపి, "తెరుచుకొన్నదా? మచ్చ ఉన్నచో కనిపించునంత స్పష్టముగా ఉన్నదా?" అని అడిగి తెలిసికొనవలెను. ఇందుకు పట్టునది అయిదు నిమిషములు. తెగులు వచ్చిన నాడు ఈ పరీక్ష మొదలుపెట్టినచో అగ్గి తెగులు మనకొరకు ఆగదు. అప్పటికిని ఫోటో చేరలేదని తెలిసినచో, జవాబు కొరకు వేచియుండక, ఆకులు కోసి కాగితములో చుట్టి మొదటి బస్సుకే బయలుదేరవలెను.